చూపు అప్పగింత

లంబాడీ తండాలో తొమ్మిది రోజుల తీజ్ పండుగ మొదలై మూడో రోజు. ధన్‌సింగ్ ఇంటి ముందు పెళ్ళికాని ఆడపిల్లలంతా చేరి, గోధుమ మొలకల బుట్టలకు నీళ్ళు పోస్తూ పాట అందుకున్నారు. వాళ్ళలో అతని కూతురూ ఉంది. ఈ పండుగ కోసమే అతను మంచుకొండల సరిహద్దు నుంచి రైళ్ళు మారుకుంటూ మిర్యాలగూడ చేరాడు. చేరి రెండు రోజులైనా కాలేదు, ఫోను మోగింది. యూనిట్ నుంచి మేజరు.

పాటల గోలలో మాట వినపడక ధన్‌సింగ్ పశువుల కొట్టం వెనక్కి నడిచాడు.

"మీ సుధీర్ సెలవు అయిపోయి వారం దాటింది సాబ్," అన్నాడు మేజరు హిందీలో. "ఫోను చేస్తే ఎత్తుతాడు. మర్యాదగానే మాట్లాడతాడు. రేపు బయల్దేరతానంటాడు. రాడు. మీ జిల్లావాడే కదా?"

"మొన్నమొన్నటిదాకా ఒకటే జిల్లా సర్. వాళ్ళది కోదాడ దగ్గర చిలుకూరు."

"అయితే ఒకసారి వెళ్ళి తీసుకురండి. సోమవారం లోపల రాకపోతే పారిపోయాడని కాగితం కదపక తప్పదు. ఆ తర్వాత నా చేతుల్లో ఏమీ ఉండదు." మేజరు గొంతు తగ్గించాడు. "ఆ కుర్చీలో కూర్చోబెట్టడానికి ఇంకో మనిషి లేడు నా దగ్గర."

ఏ కుర్చీయో ధన్‌సింగ్‌కు చెప్పనక్కర్లేదు. అతను సైన్యంలో, పై అధికారులూ సాబ్ అని పిలిచే నాయబ్ సుబేదారు; డ్రోన్లు నడిపే యూనిట్‌లో పని. పెళ్ళిళ్ళలో ఫోటోలు తీసే బుల్లి డ్రోన్లు కావవి. విమానంలా రెక్కలుండి, రన్‌వే మీద పరుగెత్తి లేచి, పొద్దంతా కొండల మీద తిరిగేవి. ఒక్క డ్రోను గాలిలో ఉండాలంటే కింద రెండు జట్లు ఉండాలి. రన్‌వే దగ్గర ఇంజను చూసి, ఇంధనం పోసి, ఎగరేసి, దించేవాళ్ళు ఒక జట్టు. ఆ జట్టుకు పెద్ద ధన్‌సింగే. ఎక్కడో దూరంగా ఇనుప క్యాబిన్‌లో తెరల ముందు కూర్చునేవాళ్ళు రెండో జట్టు. అందులో ఒకడు డ్రోనును నడుపుతాడు, ఒకడు దాని కెమెరా చూస్తాడు. సుధీర్ పని కెమెరా. చురుకైన పిల్లవాడు. మంచులో నక్క నడిచిపోయిన జాడ కూడా పట్టేవాడని క్యాబిన్‌లో చెప్పుకునేవారు.

అట్లాంటివాడు ఎందుకు రావడం లేదు? తెల్లారి హుజూర్‌నగర్ మీదుగా కోదాడ పోయే బస్సెక్కి, ధన్‌సింగ్ దారి పొడుగునా అదే ఆలోచించాడు. ఏదో ప్రైవేటు కంపెనీ కన్ను పడి ఉంటుందనుకున్నాడు. డ్రోన్లు తెలిసిన సైనికుల కోసం ఈమధ్య హైదరాబాదులో కంపెనీలు కాచుక్కూర్చుంటున్నాయి. ఇద్దరు ముగ్గురు అట్లాగే పోయారు. వీడూ ఆ దారే పట్టి ఉంటే నాలుగు మాటలు గట్టిగానే అనాలని మనసులో వరుస పేర్చుకున్నాడు. తను వస్తున్నట్టు ఫోను కూడా చేయలేదు, తెలిస్తే ఎటైనా జారుకుంటాడేమోనని.

కోదాడలో దిగి, ఆటోలో చిలుకూరు చేరేసరికి ఎండ ముదిరింది. సుధీర్ ఇంటికి తాళం వేసి ఉంది. పక్కింటి ముసలామె అరుగు మీద కూర్చొని చింతపండు గింజలు తీస్తోంది. ఇంట్లోవాళ్ళ గురించి ఆమెను అడిగాడు.

"సుధీర్ నాయిన యేసయ్య లారీ మీద పొయ్యిండు. మేళ్లచెరువుల సిమెంటు లోడు ఎత్తుకొని పోతె మళ్ళ ఎప్పుడొస్తడో ఆయనకే తెల్వదు," అంది. "వాళ్ళమ్మ సారమ్మ నాటుకు పోయింది."

"కొడుకో?"

"ఆమె యాడుంటె వాడు ఆడ్నే," అని మూతి విరిచింది ముసలామె. "గంత పిల్లగాడు, పటాలం మనిషి, తల్లి కొంగు వట్టుకొని తిరుగుతున్నడు. నువ్వేమైతవు బిడ్డా?"

"దోస్తు," అని, ఆమె చూపిన దారిన పొలాల వైపు నడిచాడు ధన్‌సింగ్.

కాలువకు నీళ్ళొదిలి పది రోజులయిందేమో, మళ్ళన్నీ అద్దాల్లా మెరుస్తున్నాయి. దున్ని చదును చేసిన ఒక పెద్ద మడిలో పన్నెండు పదమూడు మంది ఆడవాళ్ళు వరసగా వంగి నాట్లు వేస్తున్నారు. గట్టు మీద, నెత్తికి గుడ్డైనా లేకుండా, ఎండలో నిలబడి ఉన్నాడు సుధీర్.

"ఏం సుధీర్!"

సుధీర్ తిరిగి చూసి, ఒక్కసారిగా కాళ్ళు దగ్గరికి చేర్చాడు. "జైహింద్ సాబ్. మీరు గిట్ల..." అంటూనే మళ్ళీ ముఖం మడి వైపు తిప్పేశాడు. చిక్కిపోయాడు. కళ్ళ కింద నల్లగా గుంటలు పడ్డాయి.

"మేజర్ సాబ్ ఫోన్ చేసిండు. ఎందుకొస్తలేవు?"

"వస్త సాబ్. రేపు బయల్దేరుత."

"వారం నుంచి గదే చెప్తున్నవంట. కంపెనీల ఏమన్న చేరుతున్నవా? ఉన్నదున్నట్టు చెప్పు."

"అయ్యో, లేదు సాబ్. ఏ కంపెనీ లేదు. ఈడ రైతులు మందు కొట్టే డ్రోను నడపమని బతిలాడిన్రు. నేను దాన్ని ముట్టనే లేదు."

మాటలు ధన్‌సింగ్‌తోనే. చూపు మాత్రం మడి మీదే. వరసలో ఒకామె నడుము నిలబెట్టుకుంటే చూపు అటు పోతుంది. ఇంకొకామె నారు కట్ట అందుకోవడానికి పక్కకు జరిగితే ఇటు వస్తుంది. ఆ తల కదలిక డ్రోను కడుపు కింద కెమెరా తిరిగినట్టే ఉందనుకున్నాడు ధన్‌సింగ్. పేర్చుకొచ్చిన గట్టి మాటలు నోట్లోనే ఉండిపోయాయి.

అన్నాల వేళకు ఆడవాళ్ళు గట్టెక్కారు. సారమ్మ మోకాళ్ళదాకా బురదతో వచ్చి, వచ్చినాయన తన కొడుకు యూనిట్‌లో పెద్ద అని తెలిసి కంగారుపడింది. డబ్బా మూతలో అన్నం, పచ్చిపులుసు పెట్టి ధన్‌సింగ్ ముందుంచింది. సుధీర్ బోరు దగ్గరికి నీళ్ళు తేవడానికి పోయినప్పుడు, గొంతు దించి చెప్పింది.

"సారూ, మావోణ్ణి ఏమన్న కొట్టిన్రా ఆడ?"

"లేదమ్మా. ఎందుకట్ల అడుగుతున్నవ్?"

"మొదట్ల మంచిగనే ఉండె. నాలుగొద్దులు అయినంక నా ఎన్కనే తిరుగుడు వెట్టిండు. బజారుకు పోతె వస్తడు. బట్టలుతక పోతె వస్తడు. ప్రార్థనల కూసుంటె తలుపుకాడ నిలవడతడు. పండుతడు గని నిద్రవోడు. నేను మెలకువొచ్చి సూస్తె కండ్లు తెరిసి నన్నే సూస్తుంటడు." ఆమె చెంగుతో ముఖం తుడుచుకుంది. "కూలోళ్ళంత నవ్వుతున్నరు. నాకు నవ్వొస్తలేదు సారూ. బుగులైతుంది."

ధన్‌సింగ్ ముద్ద కలిపాడు కానీ నోటికి ఎత్తలేదు. "వాళ్ళ నాయిన సూసిండా?"

"ఆయన ఇంట్ల ఉన్నది ఎప్పుడు? ఫోన్ల చెప్తె, పెండ్లి చేస్తె సక్కగైతడన్నడు."

ఎండ కాస్త వాలాక మళ్ళీ నాట్లు మొదలయ్యాయి. ధన్‌సింగ్ గట్టు మీద తుమ్మచెట్టు నీడలో కూర్చున్నాడు. సుధీర్ కూర్చోలేదు. కాసేపటికి వరస చివర ఖాళీ ఒకటి ఏర్పడింది. పని మీద ఉన్నవాళ్ళెవరూ పట్టించుకోలేదు. సుధీర్ మాత్రం ఒక్కసారిగా మెడ సాచాడు. పెదవులు కదిలాయి. లెక్కపెట్టుకుంటున్నాడు. ఇంకోసారి లెక్కపెట్టుకున్నాడు. అంతే, వేసుకున్న ప్యాంటుతోనే మడిలోకి దూకి, అప్పుడే నాటిన నారంతా తొక్కుకుంటూ పరుగెత్తాడు.

"ఒకామె లేదు! ఒకామె లేదు!" అని అరుస్తున్నాడు.

ఆడవాళ్ళు బెదిరిపోయి నిలబడ్డారు. సుధీర్ బురదలో మోకాళ్ళ మీద పడి చేతులతో నీళ్ళలో తడుముతున్నాడు. అంతలో అవతలి గట్టు చాటు నుంచి భాగ్య అనే అమ్మాయి చీర సర్దుకుంటూ లేచి వచ్చింది. ఒంటికి పోయి వస్తోంది పాపం. అందరూ తన వైపే చూస్తుంటే సిగ్గుతో చచ్చిపోయింది. ఎవరో కిసుక్కున నవ్వారు. ఆ నవ్వు మడి పొడుగునా పాకింది. మేస్త్రి తొక్కిన నారు చూసి తిట్టు అందుకున్నాడు. నవ్వనిది సారమ్మ ఒక్కతే. చేతిలో నారు కట్ట పట్టుకొని కొడుకు వైపు చూస్తూ నిలబడిపోయింది.

ధన్‌సింగ్ ప్యాంటు పైకి మడిచి మడిలోకి దిగాడు. సుధీర్ రెక్క పట్టుకొని లేపి, మెల్లగా గట్టు మీదికి తెచ్చాడు. బోరు దగ్గర చేతులూ ముఖమూ కడిగించి, తుమ్మచెట్టు కింద కూర్చోబెట్టాడు.

"మార్చి నెలల జరిగిందేనా?" అని అడిగాడు ధన్‌సింగ్.

సుధీర్ తల ఊపాడు.

మార్చిలో ఏం జరిగిందో ధన్‌సింగ్‌కు పైపైన తెలుసు. కొండవాలు మీద పోతున్న అయిదుగురు సైనికుల గస్తీ మీద మంచు విరుచుకుపడింది. డ్రోను అప్పటికి గాలిలోనే ఉంది. దాన్ని అటు మళ్ళించారు. నలుగురు బతికారు, ఒకడు పోయాడు. ఆ రోజు ధన్‌సింగ్ రన్‌వే దగ్గర ఉన్నాడు. డ్రోను తిరిగొచ్చింది, రెక్కల మీద మంచు గీకారు, తెల్లారేసరికి మళ్ళీ ఎగరేశారు. క్యాబిన్‌లో వాళ్ళను ఆ రోజు వైర్‌లెస్‌లో వినడమే తప్ప ముఖం చూసింది లేదు.

"నలుగురు కింద ఒక్కదగ్గర ఉన్నరు సాబ్," అన్నాడు సుధీర్. చూపు ఇంకా మడి మీదే. "ఒక్కడు పైన, రాయి అంచు మీద. ఒంటి వేడి పట్టే కెమెరాల తెల్లగ కనవడుతున్నడు. కాలిరిగింది గావొచ్చు, లేస్తలేడు. డ్రోను మోత వినవడ్డదో ఏమో, పైకి జూసి చెయ్యి లేపిండు. నన్ను జూసి లేపినట్టే ఉండె."

"మల్ల?"

"పొద్దటి సంది నేనే కూసున్న. రెండో కెమెరామన్‌కు ఊపిరి అందక కిందికి దవాఖానకు పంపిన్రు గద. నా పూట అయిపోయింది, లేవనీకి లేదు. ఇంకో పూట కూసున్న. కాపాడనీకి పోయేటోళ్ళు కొండ ఎక్కుతున్నరు, వాళ్ళకు దారి దొరుకుతలేదు, కెమెరా అటు తిప్పు, దారి సూపియ్యి అన్నరు. తిప్పిన. దారి సూపెట్టిన. మంచు పగుళ్ళు ఏడున్నయో చెప్పుకుంట నలుగురి కాడికి తోల్కపోయిన. మల్ల కెమెరా పైకి తిప్పిన. రాయి ఉన్నది. వాడు లేడు. ఇంకోసారి మంచు జారింది గావొచ్చు. నేను జూడలేదు సాబ్. నేను అటు జూసెటాల్లకు పొయ్యిండు."

నువ్వు దారి చూపినందుకే నలుగురు బతికారనడం సులువే. ఆ మాట ఈ పిల్లవాడు తనకు తాను ఎన్నిసార్లు చెప్పుకొని ఉంటాడో. అది పనిచేసి ఉంటే ఈ గట్టు మీద ఇట్లా నిలబడేవాడు కాదు.

"అయినంక ఎవరన్న కూసున్నరా నీ జాగల?"

"ఎవరు కూసుంటరు సాబ్? మనిషే లేడు. ఇంధనం అయిపోవస్తుందని డ్రోను వాపస్ తిప్పిన్రు. తెర నల్లగైంది. నేను లేచి బయటికొచ్చిన. తెల్లారి మల్ల కూసున్న."

క్యాబిన్‌లో ఒక పద్ధతి ఉంది. తెర ముందు కూర్చున్నవాడు ఉత్తగా లేచిపోకూడదు. తర్వాతి వాడు వచ్చి పక్కన నిలబడాలి. తెర మీద ఏముందో, ఎంతమంది ఉన్నారో, దేని మీద కన్నుంచాలో మొదటివాడు చెప్పాలి. రెండోవాడు విని, నేను తీసుకున్నానని నోరు తెరిచి అనాలి. అప్పుడే మొదటివాడి చెయ్యి కెమెరా పిడి మీది నుంచి లేవాలి. రన్‌వే మీద ధన్‌సింగ్ వాళ్ళకూ అదే పద్ధతి. కొత్తవాళ్ళకు అన్నిటికంటే ముందు నేర్పేది అదే.

ధన్‌సింగ్ లేచి, సుధీర్ పక్కన వచ్చి నిలబడ్డాడు.

"నాకు అప్పజెప్పు," అన్నాడు.

సుధీర్‌కు అర్థం కాలేదు.

"నీ పూట ఎప్పుడో అయిపోయింది. నేనొచ్చిన. అప్పజెప్పు. ఎంతమంది ఉన్నరు?"

సుధీర్ మడి మీద చూపు ఒకసారి ఆ చివర నుంచి ఈ చివరకు తిప్పాడు. "పదమూడు," అన్నాడు చివరికి.

"మీ అమ్మ యాడున్నది?"

"ఎడమ దిక్కు నుంచి నాలుగో ఆమె. ఎర్ర రైక. ఆ మూలకు లోతున్నది సాబ్, ఆడ కాలు జారుతది. చివరామె భాగ్య, ఊకె గట్టెక్కుతది." మాటలు ఒక్కొక్కటే వస్తున్నాయి, కానీ వరసగా వస్తున్నాయి. "దూరంగ ట్రాక్టరు నడుస్తున్నది. గది ఇటు తిరిగితె జర సూసుకోవాలె."

"పదమూడు మంది. నాలుగో ఆమె మీ అమ్మ. మూలకు లోతు. ట్రాక్టరు. నేను తీసుకున్న," అన్నాడు ధన్‌సింగ్. "ఇగ నువ్వు లే."

సుధీర్ కాసేపు అట్లాగే కూర్చున్నాడు. ధన్‌సింగ్ అతని వైపు చూడలేదు. తీసుకున్నానన్నాక చూపు తిప్పకూడదు కదా. మడి వైపే చూస్తూ నిలబడ్డాడు. కొంతసేపటికి వెనక నారు కట్టల కోసం పరిచిన గోనె సంచి చప్పుడైంది. ఇంకొంతసేపటికి ఊపిరి బరువుగా, నిదానంగా వినిపించింది. పొద్దు వాలేదాకా ధన్‌సింగ్ అట్లాగే నిలబడ్డాడు. కాళ్ళు పీకాయి. ఒకరిద్దరు కూలీలు ఈ కొత్త కాపలావాణ్ణి చూసి ముసిముసిగా నవ్వారు. నవ్వనిమ్మనుకున్నాడు.

పని దిగి వచ్చిన సారమ్మ, గోనె మీద ముడుచుకొని పడుకున్న కొడుకును చూసి గట్టు మీదే చతికిలబడింది. లేపలేదు. ఎవరినీ లేపనివ్వలేదు. ధన్‌సింగ్ ఆమెకు జరిగింది చెప్పాడు, చెప్పదగినంత వరకు.

"అయితే గిది రోగమేనా తమ్మీ?" అంది. సారు పోయి తమ్ముడు వచ్చాడు.

"రోగమే అక్కా. మందున్న రోగం. సిగ్గువడేది కాదు. రేపు సూర్యాపేటల డాక్టరుకు సూపెడదం. ఆడికెల్లి సికింద్రాబాద్ మిలట్రీ దవాఖానకు నేను తోల్కపోత."

"నేను గూడ వస్త."

"రా అక్కా."

చీకటి పడకముందే ధన్‌సింగ్ మేజరుకు ఫోను చేశాడు. సుధీర్‌ను తీసుకొస్తున్నానని, యూనిట్‌కు కాదని, ఆసుపత్రికని చెప్పాడు. ఆ రోజు మంచులో జరిగింది, ఈ రోజు మడిలో జరిగింది, రెండూ చెప్పాడు.

"మరి ఆ కుర్చీ?" అన్నాడు మేజరు.

ధన్‌సింగ్ ఇరవై ఏళ్ళ ఉద్యోగంలో పై అధికారికి ఎదురు చెప్పింది తక్కువ. "సర్, ఆ కుర్చీని ఒక్క మనిషితో నడపడం కంటే నడపకపోవడమే మేలు. ఇంజనుకు విశ్రాంతి ఇవ్వకుండా మళ్ళీ ఎగరేయమంటే నేను సంతకం పెట్టను. అది మీకూ తెలుసు. మనిషి విషయంలో అడిగేవాడు లేకపోయాడు, అంతే."

"ఈ మాట పైకి చెప్పాలంటే మీ పేరు రాయాల్సి వస్తుంది సాబ్."

"రాయండి సర్."

మర్నాడు ముగ్గురూ కోదాడలో హైదరాబాదు బస్సెక్కి సూర్యాపేటలో దిగారు. అక్కడ డాక్టరమ్మ సుధీర్‌ను ఒంటరిగా కూర్చోబెట్టి చాలాసేపు మాట్లాడింది. బయటికొచ్చి, ఇలాంటివాళ్ళు తన దగ్గరికి చాలామందే వస్తారని, లారీ యాక్సిడెంట్లు చూసినవాళ్ళు ఎక్కువని, ఆలస్యం కాకుండా తెచ్చారని చెప్పింది. ఆసుపత్రికి చూపించడానికి చీటీ రాసిచ్చింది. బస్టాండులో సారమ్మ మిర్చిబజ్జీలు కొంది. సుధీర్ రెండు తిని, మూడోది ధన్‌సింగ్‌కు ఇచ్చాడు. వచ్చేపోయే జనాన్ని చూస్తూనే ఉన్నాడు కానీ, మధ్యలో ఒకటి రెండుసార్లు కళ్ళు మూసుకున్నాడు కూడా. సాయంత్రానికి సికింద్రాబాదులో చేర్చుకున్నారు.

ఆసుపత్రిలో కాగితాల పని ముగించుకొని ధన్‌సింగ్ తండాకు చేరేసరికి తీజ్ చివరి రోజు. మొలకలు జానెడు పెరిగాయి. ఆడపిల్లలు బుట్టలెత్తుకొని ఏడుస్తూ నవ్వుతూ నీళ్ళలో కలపడానికి పోతున్నారు. మధ్యలో ఎక్కడికి పోయావని కూతురు నాలుగు రోజులు మాట్లాడలేదు. ఆ అలక తీర్చేసరికి సెలవూ అయిపోయింది.

సుధీర్ నెలకు పైగా ఆసుపత్రిలో ఉన్నాడు. సెలవు దాటిన రోజులను జబ్బు సెలవు కింద రాశారు. మళ్ళీ కెమెరా ముందు కూర్చోబెట్టవద్దని డాక్టర్లు తేల్చారు. మొదట అది విని చాలా బాధపడ్డాడట, తన చేతి పని లాగేసుకున్నట్టు. తర్వాత సికింద్రాబాదులోనే డ్రోన్ల ఇంజన్లు విప్పి బిగించే వర్క్‌షాపులో వేశారు. అప్పుడప్పుడు ఫోను చేసి ధన్‌సింగ్‌ను ఏదో ఒక బోల్టు గురించి అడుగుతాడు. పైనున్న యూనిట్‌కు పంజాబు నుంచి ఒకడు, కేరళ నుంచి ఒకామె కెమెరా పనికి కొత్తగా వచ్చారు. మేజరు పైవాళ్ళను ముగ్గురిని అడిగాడు; ఆ మూడో మనిషి మాత్రం ఇంకా రాలేదు. పెద్ద పని జరిగిన రోజున ధన్‌సింగ్ ఇప్పుడు డ్రోను దించాక రన్‌వే దగ్గరే ఆగిపోడు. జీపులో క్యాబిన్ దాకా పోయి, తలుపు తట్టి, టీ ఫ్లాస్కు లోపల పెట్టి, వాళ్ళతో కాసేపు కూర్చుంటాడు. ఒక్కోసారి మాటలేమీ ఉండవు.

డిసెంబరులో ఒక ఆదివారం, బయట మంచు పడుతుండగా, అతనికి చిలుకూరు నుంచి ఫోను వచ్చింది. సుధీర్ రెండు రోజుల సెలవు మీద ఇంటికొచ్చాడట.

"తమ్మీ, జర నువ్వన్న చెప్పు వీనికి," అంది సారమ్మ కోపంగా. "ప్రార్థన గంట కొట్టి ఇంతసేపైంది, ఇంకా లేస్తలేడు. రెండుమార్లు లేపిన. గోడ దిక్కు తిరిగి పన్నడు!"

"పండనియ్యి అక్కా," అన్నాడు ధన్‌సింగ్.

"పండనియ్యి అంటవేంది, పాస్టరు అడుగుతె నేనేం చెప్పాలె?" అంటూనే నవ్వేసింది సారమ్మ. ఆ తర్వాత చలి ఎట్లుంది, తిన్నావా, పిల్ల మంచిగ సదువుతున్నదా అని అడిగి, తనకు ప్రార్థనకు ఆలస్యమవుతోందని ఫోను పెట్టేసింది.